గంప కింది ప్రాణం

ఉద్దేశం

పెరటి కోళ్లకు, ముద్దుగా పెంచుకొనే కోళ్లకు, ప్రదర్శనలకై పెంచే కోళ్లకు ఇంటివద్దనే జరిగే వైద్యం ఎటువంటిదో తెలియజేయడం. ఒక ఇంటి కోడి ఆరోగ్యానికీ ఊరి ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని గుర్తింపజేయడం. నోరులేని జీవుల పట్ల బాధ్యతను, శాస్త్రీయ దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెల్లవారుజామున గంప పైకెత్తగానే కోళ్లు బిలబిలమంటూ బయటికి రావడం, రెక్కలు టపటప కొట్టుకొని వాకిట్లో చల్లిన నూకల చుట్టూ మూగడం తెలుగు పల్లెలలో నిత్యం కనిపించే దృశ్యం. కృష్ణా తీరంలోని ఒక పల్లెలో ఒక ఇల్లాలు ఒకనాటి ఉదయం అలాగే గంప ఎత్తింది. పదకొండు కోళ్లలో పది బయటికి వచ్చాయి. ఒక పెట్ట మాత్రం మెడ ముడుచుకొని, రెక్కలు జారవేసి, కళ్లు అరమూసి అక్కడే కూర్చుండిపోయింది. దాని కింద ఆకుపచ్చ కలిసిన నీళ్ల రెట్ట ఉంది. మరునాటి ఉదయానికి ఆ పెట్ట చనిపోయింది. మరి మూడు కోళ్లు మేత ముట్టడం లేదు. వాటిలో ఒకటి నోరు తెరిచి గురక పెడుతూ ఊపిరి తీస్తున్నది.

అటువంటి వేళ ఆ ఇల్లాలి ముందు మూడు దారులు ఉంటాయి. మందుల దుకాణంలో మనుషులు వాడే గొట్టం మాత్ర ఒకటి కొని, దానిలోని పొడిని నీళ్లలో కలిపి కోడి నోట్లో పోయడం మొదటిది. ఆరోగ్యంగా కనిపించేవాటిని ఆదివారం సంతకు పట్టుకుపోయి వచ్చిన ధరకు అమ్మివేయడం రెండవది. పశువైద్యశాలకు కబురు పంపడం మూడవది. చాలా ఇళ్లలో ఈ మూడవ దారి ఎవరికీ తోచదు. ఇందుకు కారణం లేకపోలేదు. ఆవుకో గేదెకో జబ్బు చేస్తే వైద్యుడు ఇంటికి రావడం అందరికీ తెలిసిన విషయమే. కాని నేడో రేపో కూరకు పోయే కోడికి వైద్యమేమిటన్న భావం మనలో బలంగా పాతుకుపోయింది. "కోడిని అడిగి కారం నూరతారా" అన్న సామెత ఆ భావానికి అద్దం పడుతుంది. పైగా కోడి ఖరీదుకంటే వైద్యుని రాకపోకల ఖర్చే ఎక్కువ కదా అని లెక్క వేసేవారు కూడా ఉన్నారు. ఈ లెక్క సరైనదేనా అన్నది ఆలోచించవలసిన విషయం.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం మన దేశంలో కోళ్లు మొదలైన పెంపుడు పక్షుల సంఖ్య 85 కోట్లకు పైమాటే. అందులో 31 కోట్లకు పైగా పెరటి పక్షులు. అంతకుముందు 2012లో జరిగిన గణనతో పోలిస్తే పెరటి పక్షుల సంఖ్య ఇంచుమించు 46 శాతం పెరిగింది. వీటి బాగోగులు చూసేది ఎక్కువగా స్త్రీలే. భూమి భర్త పేర ఉండవచ్చు, పాడి డబ్బు ఉమ్మడి ఖర్చులకు పోవచ్చు. గుడ్డు అమ్మినా, పుంజును అమ్మినా వచ్చిన పైకం మాత్రం ఇల్లాలి కొంగుముడిలో నిలుస్తుంది. పిల్లవాని నోటుపుస్తకాలు, పండుగనాటి రవికగుడ్డ, రాత్రివేళ జ్వరానికి కావలసిన మాత్రలు ఆ ముడిలోనుంచే వస్తాయి. రోజుకొక గుడ్డు పెరిగే బిడ్డకు మంచి పోషకాహారం కూడా. అందువల్ల పదకొండు కోళ్లు ఒక్క వారంలో పోవడమంటే ఒక స్త్రీ స్వతంత్రంగా కూడబెట్టుకొన్న చిన్న ఖజానా పోవడమే.

కోడిని కూరకోసమో గుడ్లకోసమో కాక, దాని అందంకోసం, దానిపై మమకారంతో పెంచేవారు కూడా లోకంలో ఎందరో ఉన్నారు. ఇంగ్లండులో 1845 జూన్‌లో లండన్ జంతుప్రదర్శనశాలలో కోళ్ల ప్రదర్శన జరిగింది. అమెరికాలో 1849 నవంబరులో బోస్టన్ నగరంలో అటువంటి ప్రదర్శనను ఏర్పాటు చేశారు. ఏ జాతి కోడికి జుట్టు ఎలా ఉండాలి, ఈకల రంగు ఎలా ఉండాలి, కాళ్లు ఎంత నిటారుగా ఉండాలి అన్న ప్రమాణాలను నిర్ణయించడానికి అక్కడ 1873లో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ ఏర్పడింది. ఆ సంస్థ గుర్తించిన జాతులలో మన తెలుగునేల జాతి ఒకటి ఉండటం విశేషం. అదే అసీల్. ఈ మాటకు స్వచ్ఛమైనది, మేలుజాతిది అని అర్థం. డేగ, కాకి, నెమలి మొదలైన పేర్లతో రంగులను బట్టి మనవాళ్లు పిలుచుకొనే కోళ్లు ఈ జాతివే. వీటిలో ముక్కు పొట్టిగా వంగి, తోక పొడుగ్గా సాగిన చిలుకముక్కు కోళ్లను పందేలకు కాక అందానికే పెంచి ప్రదర్శించేవారు దక్షిణ భారతదేశంలో ఉన్నారు. కోళ్లను పోరుకు పురికొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. కోడి అందాన్ని, ఆరోగ్యాన్ని చూసి మెచ్చుకోవడంలో ఏ నేరమూ లేదు.

పెరటి పెట్ట అయినా, ప్రదర్శనలో బహుమతి పొందిన పుంజు అయినా, ఊళ్లో పిల్లవాడు పేరు పెట్టి పిలుచుకొనే ముద్దుకోడి అయినా దాని శరీరధర్మం ఒక్కటే. కోడికి మూలపురుషుడు అడవికోడి. నక్క, పిల్లి, గద్ద మొదలైన శత్రువుల నడుమ బతికిన ఆ జాతికి జబ్బును పైకి కనబడనీయకపోవడం ఆత్మరక్షణ విద్య. గుంపులో నీరసంగా కనిపించిన దానినే శత్రువు ముందుగా ఎత్తుకుపోతుంది. ఆ స్వభావం పెరటి కోడిలో కూడా మిగిలింది. కాబట్టి కోడి ముడుచుకొని కూర్చున్నదంటే జబ్బు అప్పుడే మొదలైనదని కాదు, దాచుకోగలిగిన దశ దాటిపోయిందని అర్థం. అటువంటి పక్షిని కాళ్లు కట్టి, తలకిందులుగా వేలాడదీసి, ఎండలో బస్సులో వైద్యశాలకు తీసుకుపోతే దారిలోనే ప్రాణాపాయం కలుగుతుంది. మనకున్నట్లు కోడికి రొమ్మునూ పొట్టనూ వేరుచేసే కండరపు పొర లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనుకకూ కదలడం వల్లనే దానికి ఊపిరి ఆడుతుంది. రొమ్మును గట్టిగా అదిమి పట్టుకొన్నా, తలకిందులుగా వేలాడదీసినా ఆ కదలికకు అడ్డు తగిలినట్లే.

కోడిని వైద్యుని దగ్గరికి కాక వైద్యుడిని కోడి దగ్గరికి రప్పించడానికి ఇంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. కోడి జబ్బు కోడిలో మాత్రమే ఉండదు. అది తాగే నీళ్ల తొట్టిలో, పడుకొనే గూటి సందులలో, తినే తౌడులో, గత వారం సంతనుంచి తెచ్చిన కొత్త పుంజులో ఉంటుంది. బల్లమీద పెట్టిన ఒక్క కోడిని చూసి ఇవన్నీ కనిపెట్టడం సాధ్యం కాదు. ఇంటికి వచ్చిన వైద్యుడు చూసేది ఒక కోడిని కాదు, ఆ పెరటి మొత్తాన్ని.

ఆ ఇల్లాలి మనుమడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. అమ్మమ్మ సంతకు గంప సిద్ధం చేస్తూ ఉండగా అతడు పశువైద్యశాలకు వెళ్లి సంగతి చెప్పాడు. మధ్యాహ్నానికి పశువైద్యురాలు వచ్చింది. ఆమె వీధి గుమ్మం దగ్గరనే ఆగి, రబ్బరు బూట్లు తొడుక్కొని, వాటిని క్రిమినాశక ద్రావణంలో ముంచింది. ఒక ఇంటినుంచి మరొక ఇంటికి రోగాన్ని మోసే వాహనాలలో వైద్యుని కాళ్లు కూడా ఒకటి కాగలవు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కోళ్ల ఇళ్లను ముందుగా చూసి, జబ్బు ఉన్న ఇంటికి చివరగా వెళ్లడం ఈ వృత్తిలో మొదటి నియమం. ఆమె ఆనాటి మిగిలిన పనులన్నీ ముగించుకొని ఆ ఇంటికి వచ్చింది.

"రండి డాక్టరమ్మా, ఇదిగో ఈ పెట్టను పట్టుకోమంటారా?" అన్నది ఇల్లాలు.

"వద్దమ్మా, ముందు దూరంనుంచి చూడనివ్వండి" అని డాక్టరమ్మ అరుగుమీద కూర్చుని కొంతసేపు మౌనంగా గమనించింది. మనిషి దగ్గరికి రాగానే జబ్బుకోడి సైతం ఓపిక తెచ్చుకొని నిలబడుతుంది. అందుకే పట్టుకోకముందే చూడవలసినవి ఉంటాయి. ఏది ఎగిరి గట్టుమీదికి ఎక్కుతున్నది, ఏది కుంటుతున్నది, ఏది తోక ఊగించి ఊపిరి తీస్తున్నది, రెట్ట ఏ రంగులో ఉన్నది అన్నవి ఆమె గమనించింది. తరువాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఎన్నాళ్లనుంచి జబ్బుగా ఉన్నాయి? ఈ నెలలో కొత్త కోళ్లు ఏమైనా వచ్చాయా? పక్క ఇళ్లలో చనిపోయాయా? టీకాలు వేయించారా? ఏ మందు పోశారు? చివరి ప్రశ్నకు ఇల్లాలు కాస్త తడబడి, గొట్టం మాత్ర సంగతి చెప్పింది. కొత్త పుంజు సంగతి మనుమడు చెప్పాడు. పది రోజుల కిందట సంతలో కొని, ఆ రాత్రే మిగిలినవాటితో పాటు గంప కింద కప్పారు.

అప్పుడు డాక్టరమ్మ జబ్బుకోడిని రెండు రెక్కలూ కలిపి మెత్తగా పట్టుకొని, ఒళ్లో పెట్టుకొని పరీక్షించింది. రొమ్ము ఎముకకు ఇరువైపులా కండ ఎంత ఉందో తడిమి చూస్తే ఆ కోడి ఎన్నాళ్లుగా చిక్కిపోతున్నదో తెలుస్తుంది. గొంతు దిగువనున్న మేతసంచి తెల్లవారేసరికి ఖాళీ కావాలి. కాకపోతే లోపల ఏదో అడ్డుపడినట్లు. జుట్టు నల్లబడటం, నీలిరంగుకు తిరగడం మంచి గుర్తు కాదు. రెక్కల కింద, వెనుకభాగంలో ఈకలు తొలగించి చూస్తే కోడిపేలు ఉన్నవీ లేనివీ తెలుస్తాయి. పాదం అడుగున నల్లని పెచ్చుతో గట్టిపడిన పుండు ఉంటే ఎక్కడో గరుకైన దండెమో, ఎత్తునుంచి గట్టినేలపైకి దూకడమో దానికి కారణం. గుడ్డు అడ్డుపడిన పెట్ట తోక దించుకొని, మాటిమాటికీ ముక్కుతూ నిలబడుతుంది. కోడి శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. కాబట్టి చేతికి వేడిగా తగిలినంత మాత్రాన జ్వరమనుకోరాదు.

పరీక్ష ముగించి డాక్టరమ్మ చెప్పిన మాటలు ఇవి: "అమ్మా, ఇది కొక్కెర తెగులులా ఉంది. కాని బర్డ్‌ఫ్లూ కూడా పైకి ఇలాగే కనిపిస్తుంది. కంటితో చూసి తేల్చి చెప్పడం తప్పు. గొంతునుంచి, వెనుకభాగంనుంచి దూదిపుల్లతో నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపుతాను. ఫలితం తెలిసేదాకా ఒక్క కోడి కూడా ఈ గుమ్మం దాటరాదు. కోసుకొని తినడం కూడా వద్దు."

ఇల్లాలు గంపవైపు చూసింది. "బాగున్నవి ఏడు ఉన్నాయి డాక్టరమ్మా. ఈ సంతకు పంపితే వాటి డబ్బులైనా దక్కుతాయి. ఉంచితే అవీ పోతాయేమో" అన్నది. ఆ మాటలో అత్యాశ లేదు, ఉన్నది కష్టం. సరిగ్గా ఈ కష్టంనుంచే ఊళ్లను తుడిచిపెట్టే అంటువ్యాధులు బయలుదేరతాయి. పైకి బాగున్నట్లు కనిపించే ఆ ఏడు కోళ్లలో రోగక్రిమి అప్పటికే చేరి ఉండవచ్చు. అవి సంతలో ఏడు ఇళ్లకు పంచబడితే, పది రోజుల కిందట ఆ పుంజు ఈ ఇంటికి ఏది తెచ్చిందో అదే ఏడు ఇళ్లకు వెళుతుంది.

కొక్కెర తెగులును శాస్త్రజ్ఞులు రాణిఖేత్ వ్యాధి అని, న్యూకాజిల్ వ్యాధి అని పిలుస్తారు. 1926లో జావా ద్వీపంలోను, ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణం వద్దను దీనిని గుర్తించారు. ఆ వెంటనే 1927, 28 సంవత్సరాలలో మన దేశంలో కుమావూఁ కొండలలోని రాణిఖేత్‌లో బయటపడటంతో ఆ ఊరి పేరు ఈ వ్యాధికి స్థిరపడిపోయింది. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. ఊపిరితిత్తులను, పేగులను, నాడీమండలాన్ని దెబ్బతీస్తుంది. కొన్ని కోళ్లకు మెడ మెలితిరిగిపోతుంది. కొన్నింటికి కాళ్లు, రెక్కలు చచ్చుబడతాయి. సూక్ష్మజీవులను చంపే యాంటీబయాటిక్ మందులు వైరస్‌ను ఏమీ చేయలేవు. అందువల్ల గొంతులో పోసిన గొట్టం మాత్ర కోడిని కాపాడలేదు. పైగా ఆ మందు అవశేషాలు గుడ్డు ద్వారా ఇంటిలోని పిల్లల కడుపులోకి చేరతాయి. మోతాదు లేకుండా మందులు వాడితే వాటికి లొంగని క్రిములు తయారవుతాయి. మనుషులకు చిట్టచివరి ఆయుధంగా మిగిలిన కొలిస్టిన్ అనే మందును ఆహారం కోసం పెంచే జంతువులకూ కోళ్లకూ వాడరాదని భారత ప్రభుత్వం 2019లో నిషేధించినది ఈ కారణంతోనే.

కొక్కెర తెగులుకు చికిత్స లేదు కాని నివారణ ఉంది. అది టీకా. హిమాలయ సానువులలోని ముక్తేశ్వర్‌లో మన పశువైద్య పరిశోధకులు 1940ల దశకంలో రూపొందించిన ఆర్2బి టీకా నేటికీ వాడుకలో ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క చొప్పున లసోటా లేదా ఎఫ్ రకం టీకా వేస్తారు. ఎనిమిది వారాలు నిండిన తరువాత ఆర్2బి సూదిమందు వేస్తారు. ఇంత తేలికైన నివారణ ఉండగా పెరటి కోళ్లు ఎందుకు చనిపోతున్నాయన్న ప్రశ్నకు సమాధానం టీకా సీసాలోనే ఉంది. ఒక్కొక్క సీసాలో నూరు, అంతకు మించిన కోళ్లకు సరిపడే మందు ఉంటుంది. దానిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో భద్రపరచాలి. ఒకసారి కలిపిన తరువాత ఒకటి రెండు గంటలలో వాడివేయాలి. వేల కోళ్లున్న ఫారానికి ఇది చిక్కు కాదు. పదకొండు కోళ్లున్న ఇల్లాలు ఒంటరిగా ఒక సీసా తెప్పించుకోలేదు. తెప్పించుకొన్నా మిగిలినది పారబోయవలసిందే.

ఈ చిక్కుకు విరుగుడు ఇరుగుపొరుగుల ఐకమత్యమే. ముందురోజు సాయంత్రం వీధిలో కబురు చేసి, ఎవరి కోళ్లను వారు గంప కిందనే ఉంచితే, తెల్లవారి ఒక్క గంటలో ఒక సీసాతో వీధి వీధంతా టీకాలు వేయవచ్చు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వేడికి త్వరగా చెడిపోని ఐ-2 అనే టీకాను తయారుచేశారు. ఆఫ్రికాలోని మొజాంబిక్, టాంజానియా వంటి దేశాలలో శిక్షణ పొందిన గ్రామీణులు ఇంటింటికీ తిరిగి, నాలుగు నెలలకొకసారి కోడికంటిలో ఒక చుక్క చొప్పున దానిని వేస్తూ వచ్చారు. పేద ఇళ్ల కోళ్లకు ఇంటివద్దనే వైద్యం అందించడం సాధ్యమేనని వారు నిరూపించారు.

ఈ వ్యాధి పేదదేశాల పెరళ్లకే పరిమితమనుకోవడం పొరపాటు. 2018 మే నెలలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో ఒక ఇంటి పెరటిలో పెంచుతున్న ప్రదర్శన కోళ్లలో ఈ వ్యాధి తీవ్రరూపంలో బయటపడింది. కోళ్లను ఒకరినుంచి ఒకరు కొనడం, ఇచ్చిపుచ్చుకోవడం, ఒకచోటినుంచి మరొకచోటికి తరలించడం వల్ల అది దక్షిణ కాలిఫోర్నియా అంతటా అల్లుకొంది. ప్రభుత్వ సిబ్బంది ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశారు. వ్యాధి సోకినట్లు తేలిన స్థలాలలో అత్యధిక భాగం ఇళ్ల పెరళ్లే. వాణిజ్య ఫారాలు అత్యల్పం. 2020 జూన్‌లో వ్యాధి నిర్మూలన జరిగిందని ప్రకటించేనాటికి 12 లక్షలకు పైగా పక్షులను చంపవలసి వచ్చింది. వాటిలో పిల్లలు పేర్లు పెట్టి పెంచుకొన్నవి, ఏళ్ల తరబడి జాతిశుద్ధి కాపాడుతూ ప్రదర్శనలకై తీర్చిదిద్దినవి ఎన్నో ఉన్నాయి. అందుకే ప్రదర్శననుంచి తిరిగివచ్చిన కోడిని, సంతలో కొన్న కోడిని కొన్ని వారాలపాటు వేరుగా ఉంచి, నీరుమేతలు వేరుగా పెట్టి, ఇంటి కోళ్ల తరువాతనే వాటి పని చూడాలని వైద్యులు పదేపదే చెబుతారు.

బర్డ్‌ఫ్లూ విషయంలో జాగ్రత్త మరింత అవసరం. మన దేశంలో ఇది 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మొదటిసారి బయటపడింది. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి ప్రాంతంలోని ఫారాలలో కోళ్లు పెద్దసంఖ్యలో చనిపోగా, భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల అది బర్డ్‌ఫ్లూ అని నిర్ధారించింది. ఇది అరుదుగానైనా మనుషులకు సోకగల వ్యాధి. కాబట్టి అనుమానం ఉన్నచోట చనిపోయిన కోడిని పెరటిలో కోసి చూడటం వైద్యునికైనా తగదు. కాలువలో పారవేయకుండా, కుక్కలకు వేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. బ్రిటన్‌లో 2024నుంచి ఒక్క కోడి ఉన్నవారైనా తమ పేరు నమోదు చేయించుకోవాలన్న నియమం వచ్చింది. మన దేశంలో 2009 నాటి చట్టం ప్రకారం ఇటువంటి అంటువ్యాధి ఉన్నదని అనుమానం కలిగితే గ్రామాధికారికో పంచాయతీకో తెలియజేయడం యజమాని బాధ్యత. బర్డ్‌ఫ్లూ నివారణకై ప్రభుత్వం చంపించిన కోళ్లకు పరిహారం ఉంటుంది. దాచిపెట్టగా వాటంతట అవి చనిపోయినవాటికి ఉండదు. దాచడం వల్ల కలిగేది నష్టమేనని దీనిని బట్టి తెలుస్తుంది.

మన పల్లెలలో ఇంటిముంగిటికి పశువైద్యం తీసుకురావడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. 1962 అనే టెలిఫోన్ సంఖ్యతో సంచార పశువైద్య వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రారంభమయ్యాయి. అయితే ఆ వాహనాన్ని ఆవుకోసం పిలవవచ్చునని తెలిసినవారికి కూడా కోడికోసం పశువైద్యుని సలహా అడగవచ్చునన్న ఆలోచన రాదు. వైద్యం దూరంగా లేకపోయినా ఆలోచన దూరంగా ఉంటే ఫలితం ఒక్కటే.

ఆనాడు ఆ ఇల్లాలు కొంతసేపు మాట్లాడలేదు. చివరికి, సంతకని సిద్ధం చేసిన గంపకు కట్టిన తాడు విప్పివేసింది. "నాకు అమ్మినవాడు ఈ మాట ముందే అనుకొని ఉంటే నా పెట్ట బతికి ఉండేది కదా" అన్నది. జబ్బుకోళ్లను వేరే గదిలో వెచ్చగా ఉంచి నీళ్లు పట్టించారు. ఇక కోలుకోదని తేలిన ఒక కోడిని మాత్రం, మెడ మెలితిరిగి గంటల తరబడి కొట్టుకోనీయకుండా, డాక్టరమ్మ బాధ తెలియకుండా ముగించింది. బతికించలేని వేళ బాధ పెంచకపోవడం కూడా వైద్యధర్మమే. మనుమడు దానిని పూడ్చివచ్చి, సబ్బుతో చేతులు కడుక్కొన్నాడు.

ప్రయోగశాల ఫలితం వచ్చింది. అది కొక్కెర తెగులే. డాక్టరమ్మ తన బూట్లతో తాను ఇతర వీధులలోకి పోక, వేరొక సిబ్బందిని పంపించింది. వారు ఊరి ఆ చివరినుంచి మొదలుపెట్టి, జబ్బు ఉన్న వీధివైపుగా టీకాలు వేసుకొంటూ వచ్చారు. అప్పటికే రోగం లోపల ఉన్న కోళ్లు కొన్ని టీకా వేసిన తరువాత కూడా చనిపోయాయి. టీకావల్లనే చనిపోయాయని ఒకరిద్దరు అన్నారు. టీకా పనిచేయడానికి వారం పది రోజులు పడుతుందని, ఆలోపు లోపలి రోగం ఆగదని ఆ కుర్రవాడే ఇంటింటికీ వెళ్లి చెప్పాడు. ఆ ఇంటిలో పదకొండింటికి నాలుగు మిగిలాయి. ఊరి మిగిలిన వీధులలో మాత్రం తెల్లవారుజామున కోళ్ల కూతలు ఆగలేదు.

నా కోడి కూయకపోతే తెల్లవారదని గర్వించినవారిని చూసి లోకం నవ్వుతుంది. కాని ఎవరి కోడి అయినా కూయడానికి పక్క ఇంటి కోడి ఆరోగ్యంగా ఉండక తప్పదు. ఒక ఇల్లాలు తన గంపకు కట్టిన తాడు విప్పడం వల్ల ఊరికి జరిగిన మహోపకారం ఏ లెక్కలలోనూ నమోదు కాదు. మూడు నెలల తరువాత ఆమె మళ్లీ పిల్లలను తెచ్చుకొన్నది. వాటిని మూడు వారాలు విడిగా ఉంచి, టీకా చుక్కలు వేయించి, ఆ తరువాతనే పాతవాటితో కలిపి ఒకే గంప కింద కప్పింది.

కఠిన పదాలకు అర్థాలు

పశుగణన = పశుపక్ష్యాదుల సంఖ్యను లెక్కించడం
మమకారం = నాది అనే ప్రేమ
సానువు = కొండచరియ
అవశేషం = మిగిలిన భాగం
నిర్ధారణ = నిశ్చయించడం
నిర్మూలన = పూర్తిగా లేకుండా చేయడం
ఐకమత్యం = కలిసికట్టుతనం

ప్రశ్నలు

అ. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కోడిని వైద్యశాలకు తీసుకుపోవడం కంటే వైద్యుడు ఇంటికి రావడం ఎందుకు మేలో పాఠం ఆధారంగా వివరించండి.
2. కొక్కెర తెగులు వ్యాప్తిని, నివారణను గురించి రాయండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. పెరటి కోళ్లకు టీకాలు వేయించడంలో ఉన్న చిక్కు ఏమిటి? దానికి విరుగుడు ఏది?
2. దక్షిణ కాలిఫోర్నియాలో 2018లో ఏమి జరిగింది?
3. జబ్బుకోడిని పట్టుకోకముందే వైద్యుడు గమనించవలసిన విషయాలు ఏవి?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. కంటితో చూసి తేల్చి చెప్పడం తప్పు.
2. నాకు అమ్మినవాడు ఈ మాట ముందే అనుకొని ఉంటే నా పెట్ట బతికి ఉండేది కదా.

ఈ. సంధులు
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి

ఉ. సమాసాలు
నీరుమేతలు – నీరును, మేతయును – ద్వంద్వ సమాసం
మూడు దారులు – మూడైన దారులు – ద్విగు సమాసం
ఆత్మరక్షణ – ఆత్మ యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం

ఊ. ఆలోచించండి – రాయండి
మీ ఊరిలోనో, మీ వీధిలోనో కోళ్లు పెంచేవారితో మాట్లాడి, వారు టీకాలు వేయిస్తున్నారో లేదో, జబ్బు చేసినప్పుడు ఏమి చేస్తున్నారో తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.